సముద్రానికి కంచె

మేట్టుపాళయానికి సముద్రం లేదు. ఉన్నవి భవాని ఏరు, నీలగిరి అడివి, ఊటీకి ఎక్కే పళ్ల పట్టాల రైలు, కొండ మీది ఉర్లగడ్డలు దిగే మండీలు. అయినా ఆదివారం పొద్దున చేపల కొట్ల ముందు జనానికి కొదవుండదు. పాలక్కాడు కనుమకు దగ్గర కావడం వల్ల ఈ ఊరికి రెండు సముద్రాల చేపా అందుతుంది. తూర్పున రామేశ్వరం, తూత్తుకుడి. పడమట కొచ్చి, పొన్నాని. ఐసు పెట్టెలు రాత్రికి రాత్రి కోయంబత్తూరు ఉక్కడం బజారులో దిగి, తెల్లారకముందే ఇక్కడికి చేరతాయి.

ఈ సంవాదంలో మామ ఆ పెట్టెలు దించుకునే వ్యాపారి. కోడలు, అంటే అక్క కూతురు, ఈ ఊరి అటవీ కళాశాలలోనే చదివి ఇప్పుడు తూత్తుకుడి వైపు పగడపు దిబ్బల లెక్కకు నీళ్లలో దిగే మనిషి. నాయకరాజుల నాటి నుంచి కోయంబత్తూరు, మదురై సీమల్లో నిలిచిపోయిన తెలుగు ఇళ్లు వీళ్లవి. తగవు మన్నారు సింధుశాఖ గురించి. రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్య తీరం పక్కనే వరసగా, మునిగిపోయిన రెండింటితో కలిపి, 21 దీవులున్నాయి. ఆ దీవులూ వాటి చుట్టూ లోతులేని నీళ్లూ కలిపి 560 చదరపు కిలోమీటర్లను 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. లోపల వల వేయకూడదు, గాలం వేయకూడదు, చిప్ప ఏరకూడదు. కాపలా తమిళనాడు అడవి శాఖది. ఆంధ్ర పాఠకులకు కొల్లేరు గుర్తుకు రావచ్చు. అక్కడి గొడవ ముఖ్యంగా చేపల చెరువుల గట్లది; ఇక్కడిది సముద్రంలోనే గీత గీయడం గురించి.

మామ: అడివికి కంచె వేస్తే అర్థముండాది అమ్మణీ. చెట్టు కదలదు, ఏనుగు దాటితే కనబడతాది. సముద్రంలో చేపకు మీ గీత ఎవరు చూపించినారు? ఈ పొద్దు మీ దీవి కాడ ఉండేది రేపు నా ఐసు పెట్టెలో ఉంటాది. దానికోసం నలభై ఏండ్లుగా మనుషులను తరుముతా ఉండారు.

కోడలు: మీరు అమ్మే చేపలన్నీ ఒక్క రకమే అయితే ఆ మాట ఒప్పుకుంటా మామా. వంజరం తిరుగుతాది, కవ్వలు తిరుగుతాయి. వాటికి మా పార్కు దారిలో తగిలే ఒక మూల, అంతే. కళవ అట్ల కాదు. పగడపు రాళ్ల కింద ఒక సందు చూసుకునిందంటే ఏండ్ల తరబడి ఆ చుట్టుపక్కలే. ఆ సందు మీద గాలం పడకపోతే అది బతుకుతాది, ముసలిదవుతాది. చేప ముసలిదయితేనే లాభం.

మామ: ఎవరికి లాభం? హోటలువాళ్లు పెద్ద చేప వద్దంటారు. ప్లేటులో తలా తోకా రెండూ కనబడే సైజు కావాల వాళ్లకు.

కోడలు: ఆ సైజే కొంప ముంచుతా ఉండాది. అమెరికా వైపు రెడ్ స్నాపర్ అని ఒక చేప ఉండాది, మన శంకరకు చుట్టమే. 61 సెంటీమీటర్ల ఆడది ఒక్కటి పెట్టే గుడ్లు, 42 సెంటీమీటర్లవి 212 కలిసి పెట్టే గుడ్లతో సమానమని లెక్క కట్టినారు. పొడుగు ఒకటిన్నర రెట్లు కూడా లేదు, గుడ్లు మాత్రం రెండు వందల రెట్లు. మీ ప్లేటు సైజు చేపల్లో చాలావాటికి ఇంకా పెండ్లీడే రాలేదు. కళవలో ఇంకో సంగతి. చాలా రకాల కళవలు మొదట ఆడవిగానే ఈడుకొస్తాయి, పెద్దయినాక కొన్ని మగవిగా మారతాయి. పెద్దవాటినే ఏరి ఏరి పడితే మిగిలేది మగతోడు లేని మంద.

మామ: నేను వ్యాపారంలో దిగినప్పుడు చేయి చాపినంత కళవలు వచ్చేవి. నిజమే, ఇప్పుడు రావు. అయితే నా ప్రశ్న వేరే. మీ పార్కు వచ్చినాకనే కదా అవి రాకుండా పోయినాయి? నలభై ఏండ్లు కాపలా కాసినా చేప తగ్గిందంటే ఆ కాపలా దేనికి?

(మామ వాదంలో గట్టి చోటు ఇదే. గీత గీశాక చేప తగ్గితే, గీత వల్ల తగ్గిందా, గీత ఉన్నా తగ్గిందా, లేకుంటే ఇంకెంత తగ్గేది అన్న మూడు ప్రశ్నలను విడదీయాలి. ప్రభుత్వ నివేదికలు ఆ పని అరుదుగా చేస్తాయి. చేపలు పట్టేవాడు అసలు చేయడు. వాడికి కనబడేది ఖాళీ వల.)

కోడలు: గీతను నిజంగా పాటించిన చోట ఏమయిందో చూడాల. న్యూజీలాండులో లీ అనే ఊరి కాడ 1975లో ఐదు చదరపు కిలోమీటర్ల చిన్న ముక్కను మూసినారు. అప్పటికి అక్కడి రాళ్లు బోడిగుండ్లు. నిలువెత్తు పెరిగే కెల్ప్ పాచిని ముళ్ల సీ అర్చిన్లు మేసేసినాయి. అర్చిన్లను తినే స్నాపర్‌నూ లాబ్‌స్టరునూ మనుషులు పట్టుకుపోయినారు కాబట్టి వాటికి అడ్డు లేకుండా పోయింది. మూసినాక చేప పెరిగింది, లాబ్‌స్టరు పెరిగింది, అర్చిన్లు తగ్గినాయి, ఏండ్లు గడిచేకొద్దీ పాచి అడివి మళ్లీ లేచింది. దాన్ని ఎవ్వరూ నాటలేదు. చేపను కాపాడితే అడివి వచ్చింది, అదీ నేను చెప్పేది. నిషేధం వల్ల చేపల లెక్క ఒక్కటే మారదు. ఎవరు ఎవర్ని తింటారనే వరసంతా మారతాది.

మామ: లాబ్‌స్టరు కాళ్లతో నడిచే జీవం. ఐదు కిలోమీటర్ల ముక్కలో ఎన్నాళ్లని కూర్చుంటాది? గీత దాటి నడిస్తే?

కోడలు: దాటింది. గీతకు ఆనుకునే బుట్టలు పెట్టి పట్టినారు. ఇటీవల లెక్క చూస్తే లోపల కూడా బాగా తగ్గినాయి.

మామ: చూసినావా!

కోడలు: చూసినా. చిన్న ముక్క కావడం దాని లోపం, అంతేగాని మూయడం తప్పని కాదు. హవాయి దీవుల వాయవ్యాన అమెరికా మూసిన సముద్రం ఉండాది, పాపహానౌమోకువాకియా అంటారు. 2016లో పెంచినాక 15 లక్షల చదరపు కిలోమీటర్లు. దాని అంచు కాడ పడవలకు పడే ఎల్లోఫిన్ ట్యూనా 54 శాతం పెరిగిందని 2022లో లెక్క తేల్చినారు. ట్యూనా మీ వంజరం కంటే పెద్ద తిరుగుబోతు. ఆ లెక్క మీద శాస్త్రవేత్తలకే వాదం ఉండాది, అది కూడా చెప్పేస్తా.

మామ: 15 లక్షలెక్కడ, 560 ఎక్కడ! నడి సముద్రంలో, పడవ పోవడమే కష్టమైన చోట గీత గీయడం సులభం అమ్మణీ. అక్కడ ఎవరి పొయ్యీ ఆరదు. ప్రపంచ దేశాలు 2022లో కూర్చుని, 2030కల్లా సముద్రంలో 30 శాతం కాపాడుతామని రాసుకున్నారని నువ్వే చెప్పినావు. ఏ ముప్పై? దరి పక్కదా, దూరందా? దూరం మూసి లెక్క పూర్తి చేసినామంటే దరి పక్కన చేప మిగలదు. దరి పక్కన మూసినారంటే మనిషి మిగలడు.

కోడలు: ఆ మాట నేనే చెప్పాలనుకున్నా. 2014లో 40 దేశాల్లో 87 చోట్ల నీళ్లలో దిగి లెక్కించిన పని ఒకటి ఉండాది. అందులో 59 శాతం చోట్ల, లోపలికీ బయటికీ ఏమీ తేడా లేదు. కాగితం మీద పార్కు, నీళ్లలో మామూలు సముద్రం. బాగా పనిచేసిన చోట్ల ఐదు గుణాలు కనబడినాయి. పట్టడం పూర్తిగా నిషేధం, కాపలా గట్టి, వయసు పదేండ్లు దాటింది, వైశాల్యం వంద చదరపు కిలోమీటర్లు మించింది, చుట్టూ లోతో ఇసుకో ఉండి వేరుగా నిలిచింది. ఒకటో రెండో ఉంటే సరిపోదు.

మామ: మన్నారుకు ఎన్ని ఉండాయి?

కోడలు: వయసుండాది. వైశాల్యం ఉండాది. నిషేధం చట్టంలో ఉండాది. వేరుగా ఉండడం లేదు; దీవులన్నీ దరి నుంచి పది కిలోమీటర్ల లోపే, ఎదురుగా ఊర్లు. కాపలా… అంత తీరానికి ఉండే పడవలు చాలవు.

మామ: మరి నువ్వు నీళ్లలో దిగి లెక్కించే ఆ పగడం? దానికేమయింది? నీ నోటితోనే చెప్పు.

కోడలు: 2016 ఎండలకు నీళ్లు కాగి పగడం తెల్లబడింది. అంతకుముందు బతికున్న పగడం అడుగు నేలలో దాదాపు 39 శాతం. ఆ ఒక్క ఏడు తర్వాత 23 శాతం.

మామ: ఎండకు కూడా అడవి శాఖ నోటీసు ఇచ్చిందా?

కోడలు: ఎగతాళి చేయండి, పడతా. ఎండను ఏ పార్కూ ఆపలేదు. 1998లో తెల్లబడింది, 2010లో తెల్లబడింది, మళ్లీ తెల్లబడతాది. కానీ చచ్చిన పగడం మీద ఏం మొలుస్తాదనేది చేప చేతిలో ఉండాది. చిలుకమీను ముక్కుతో గీకి గీకి పాచిని మేస్తాది. మేసిన చోట రాయి శుభ్రంగా ఉంటాది, కొత్త పగడం పిల్ల అతుక్కుంటాది. మేసేవాటిని పట్టేస్తే పాచి కమ్మేస్తాది, పిల్లకు చోటుండదు. నిషేధం పగడాన్ని ఎండ నుంచి కాపాడదు. ఎండ తర్వాత లేవడానికి మాత్రం దారి ఉంచుతాది.

మామ: దారి ఉంచినా ఆ దారిలో కంపెనీ పాసి వచ్చి కూర్చుంది కదా. కురుసడై దీవి కాడ.

కోడలు: వచ్చింది. కప్పాఫైకస్ అనే విదేశీ పాసి. ఐస్‌క్రీములో, పేస్టులో చిక్కదనానికి వాడే కారజీనన్ దాని నుంచే. 2000 తర్వాత మండపం వైపు కంపెనీ పెట్టుబడితో తెప్పల మీద పెంచినారు. 2008లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం వాళ్లు కురుసడై కాడ అది బతికున్న పగడం మీద దుప్పటి కప్పినట్టు పరుచుకున్నదని రాసినారు. పార్కు గీత దానికీ తెలియదు.

(అడవి శాఖ తెంపించిన ఆ పాసి మళ్లీ మొలిచిన కథ చాలా పెద్దది, ఇక్కడ పట్టదు. ఒక్కటి చెప్పుకోవాలి. చేప పట్టేవాణ్ణి బయటికి పంపడం సులభమైన కాపలా, కనబడేవాడు కాబట్టి. కాగే నీరు, కొట్టుకొచ్చే పాసి, పైనుంచి దిగే మురుగు కనబడవు. కాపలా కాసే శాఖ తన ఏడాది పనిని కనబడేవాళ్ల లెక్కతోనే చూపిస్తుంది.)

మామ: అన్నీ నువ్వే ఒప్పుకుంటా ఉండావు. మరి నాతో తగవెందుకు?

కోడలు: ఎందుకంటే పార్కు రాకముందు ఏం జరిగిందో మీరు మరిచిపోతా ఉండారు. తూత్తుకుడి వైపు పగడాన్ని గడ్డపారతో పెకలించి పడవల్లో తెచ్చి సున్నానికీ ఫ్యాక్టరీలకూ అమ్మినారు. రెండు దీవులు, పూవరసన్‌పట్టి, విలాంగుసల్లి, నీళ్లలో కలిసిపోయినాయి. అలలకు అడ్డు నిలిచేది ఆ పగడమే. దాన్ని తీసేస్తే ఇసుక దీవి ఎట్ల నిలుస్తాది? తూత్తుకుడి పక్క వాన్ దీవి 1969లో 20 హెక్టార్లు ఉండేది. పదేండ్ల కిందట రెండు హెక్టార్లకు లోపు చిక్కింది. ముందర సిమెంటు గూళ్లు దించితే ఇప్పుడు కొంచెం ఆగింది. 2001లో పగడాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చకపోయుంటే ఇంకెన్ని మునిగేవో.

మామ: సున్నం పెకలించినోడిని పట్టుకుంటే నేను చేతులెత్తి దండం పెడతా. వాళ్ల వెనక డబ్బున్నోళ్లు ఉండిరి. అదే 2001లో కడలట్టను, అంటే సీ కుకుంబరును, కూడా షెడ్యూలులో వేసినారు. అన్ని రకాలూ. మునిగి కడలట్ట తీసి బతికినోళ్లకు ఒక్క కాగితంతో పని పోయింది. ఎదురుగా, చూపు ఆనేంత దూరంలో, శ్రీలంకలో లైసెన్సు తీసుకుని అదే కడలట్ట పడతారు. ఇక్కడ తీస్తే జైలు. ఏమయింది? తీయడం ఆగలేదు, రాత్రిపూట దొంగతనంగా పోతా ఉండాది. పట్టుబడేది కూలివాడు.

కోడలు: అది తప్పే. రకం రకం చూసి, సైజు చూసి కోటా పెట్టుండాల్సింది. శాస్త్రం అడిగిందీ అదే.

మామ: సరే, ఇప్పుడు పాసి ఆడవాళ్ల సంగతికి వస్తా. నువ్వు తప్పించుకోలేవు. చిన్నపాలెం, ఏర్వాడి, ఆ పక్క ఊర్లలో ఆడవాళ్లు తాతల కాలం నుంచి దీవుల కాడ మునిగి మరిక్కొళుందు పాసి తెంపుతారు. ఆ పాసితో మదురైలో అగర్ కాస్తారు. నాకు తెలిసిన వ్యాపారులే కొంటారు. ఒక చేతికి తొడుగు, కంటికి అద్దం, నడుముకు సంచి. వలా లేదు, ఇంజనూ లేదు. 2000 తర్వాత అడవి శాఖ వాళ్లను దొంగలను పట్టినట్టు పట్టింది, పాసి లాక్కుంది, జరిమానా వేసింది. వాళ్లేమన్నా తిరగబడినారా? కూర్చుని వాళ్లకు వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. అమావాస్య పక్కన ఆరు రోజులు, పున్నమి పక్కన ఆరు రోజులు, నెలకు పన్నెండే. ఇనుముతో గీకకూడదు, చేత్తోనే తెంపాల. ఆ చిన్నపాలెం లక్ష్మికి 2015లో అమెరికావాళ్లు సీకాలజీ బహుమతి ఇచ్చినారు, సముద్రాన్ని కాపాడినందుకు! అమెరికాకు తెలిసింది మన గార్డుకు తెలియలేదా?

కోడలు: తెలుసు. చట్టంలో దానికి చోటు లేదు. జాతీయ ఉద్యానం అని రాసినాక గడ్డిపోచ తెంపినా నేరమే.

మామ: అయితే కురుసడైకి ఇప్పుడు పర్యాటకులను పడవలో తీసుకుపోతా ఉండారే? పాసి తెంపేది దిగకూడదు, టికెట్టు కొన్నోడు దిగొచ్చు. ఇది ఏ శాస్త్రం?

(కోడలు దీనికి జవాబు చెప్పలేదు. చెప్పగలిగిన జవాబు ఉందనీ నేననుకోను. ఆ పడవలు నడపడంలో ఊరివాళ్లకు పని దొరుకుతుందని అడవి శాఖ అంటుంది. దొరుకుతుంది, దొరికేది పాసి తెంపే ఆడవాళ్లందరికీ కాదు.)

కోడలు: మీరు కాలం మూసినప్పుడు ఒప్పుకుంటారు, చోటు మూసినప్పుడు ఎందుకు ఒప్పుకోరు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలు 61 రోజులు కదలవు. దాని మీద మీరు ఒక్క మాటా అనరు.

మామ: కాలం మూస్తే అందరికీ ఒకటే ఆకలి. పెద్ద పడవవాడూ దరినే ఉంటాడు, చేపలవాళ్ల ఇండ్లకు సర్కారు ఇంత అని డబ్బు కూడా ఇస్తాది. చోటు మూస్తే ఆ చోటుకు ఎదురుగా పుట్టినోడు ఒక్కడే చస్తాడు. పెద్ద పడవవాడు డీజిలు పోసుకుని ఇంకో చోటికి పోతాడు. చేప పట్టడం తగ్గదు, జరుగుతాది. నేను దాన్ని ఇక్కడ కూర్చునే చూస్తా ఉండా. ఏప్రిల్లో రామేశ్వరం మూస్తే నా లారీ కొచ్చికి తిరుగుతాది. జూన్లో పడమటి తీరం మూస్తే మళ్లీ తూర్పుకు. మేట్టుపాళయంలో ఏ ఆదివారం చేప లేదు చెప్పు? ఆ తీరం మీద తగ్గిన బరువు ఈ తీరం మీద పడతాది. మీ పార్కు గీత లోపల తగ్గిన వలలన్నీ గీత బయట పడవా?

(సముద్ర రిజర్వులను విమర్శించే మత్స్యశాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా చెబుతున్న మాట ఇదే. రే హిల్‌బోర్న్ లాంటివాళ్లు దీన్ని సమీకరణాల్లో రాశారు. మామ లారీ అద్దె చీటీల్లో చదివాడు.)

కోడలు: పడతాయి. లోపలి నుంచి పొర్లి వచ్చే చేప, బయట పెరిగిన ఒత్తిడి కంటే ఎక్కువుంటేనే ఊరికి లాభం. ఒక్కోచోట ఉంటాది, ఒక్కోచోట ఉండదు. ఫిలిప్పీన్స్‌లో సుమిలాన్ అని ఒక దీవి. 1974లో దాని దిబ్బలో కొంత భాగం మూసినారు. మిగిలిన భాగంలోనే పడవలవాళ్లకు బాగా చేప పడేది. 1984లో రాజకీయం మారి కాపలా చెడింది, మూసిన చోట్లో కూడా వలలు దిగినాయి. పట్టడానికి చోటు పెరిగింది కదా, చేప పెరగాల. ఏడాదిన్నరలో మొత్తం పట్టు సగానికి పైగా పడిపోయింది. మూసిన ముక్కే తక్కిన ముక్కను పోషిస్తా ఉండిందని తెరిచినాకగాని తెలియలేదు.

మామ: ఇది బాగుండాది. దాన్ని ఎవరు మూసినారు? సర్కారా?

కోడలు: సిల్లిమాన్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఏంజెల్ అల్కాలా అనే ఆయన, ఊరి పాలకులతో మాట్లాడి మూయించినారు. అదే ఆయన పక్కనే అపో దీవిలో 1982 నుంచి ఇంకో పద్ధతి పట్టినాడు. ఊరివాళ్లతో ఏండ్ల తరబడి మాట్లాడి, వాళ్లే చోటు ఎంచుకునేలా, వాళ్లే కాపలా కాసేలా చేసినాడు. సుమిలాన్ మేయరు మారితే కూలింది. అపో నిలిచింది. మెక్సికోలో కాబో పుల్మో కూడా అంతే. 1995లో పార్కు ప్రకటించినప్పుడు చట్టం మూసింది మూడోవంతే, తక్కినదాన్ని ఊరివాళ్లే పట్టడం మానుకున్నారు. 1999 నుంచి 2009 లోపల చేపల బరువు 463 శాతం పెరిగింది.

మామ: నువ్వు అంత దూరం పోవాల్సిన పని లేదు. శృంగేరిలో తుంగ మెట్ల కాడ చూసినావా? చేయి పెడితే వచ్చే చేపలు, ఒక్కోటి నీ చేయంత. ఎవరు కాపలా? తుపాకీ ఉండాదా? అది అమ్మవారి చేప అన్నారు, అంతే. మెట్లు దాటి కిందికి పోతే వలలు ఉంటాయి, మెట్ల కాడ పడవు.

కోడలు: ఉండాది. కర్ణాటకలో అట్లాంటి గుడి మడుగుల్లో చేపలెక్క తీసినారు, బయటి కంటే లోపల మెరుగ్గా ఉండాయని తేలింది. నేను చెప్పేదానికి మీరే సాక్ష్యం ఇచ్చినారు.

మామ: సాక్ష్యం నిషేధానికి కాదు. ఎవరు నిషేధించినారనే దానికి.

(ఇక్కడ ఇద్దరూ ఒకే దగ్గరికి వచ్చారని తొందరపడి అనుకోకూడదు. గుడి మడుగు చిన్నది, దాన్ని నమ్మేవాళ్ల కళ్ల ముందే ఉంటుంది. మన్నారు తీరం అంతా హిందూ, ముస్లిం, క్రైస్తవ మత్స్యకారుల ఊళ్లు. తెప్ప, నాటు పడవ, మర పడవ, పాసి సంచి, ఒక్కొక్కరి సముద్రం ఒక్కోటి. వాళ్లందరినీ ఒప్పించే అమ్మవారు ఎవరూ లేరు.)

కోడలు: పాంబన్ అవతల పాక్ జలసంధిలో ఈమధ్య ఒక కొత్త పని చేసినారు. 2022లో కడల్ పసువు, అంటే డ్యుగాంగ్, కోసం తంజావూరు, పుదుక్కోట్టై తీరంలో 448 చదరపు కిలోమీటర్లు సంరక్షణ రిజర్వు అని ప్రకటించినారు. జాతీయ ఉద్యానం అనలేదు. చేప పట్టడం కొత్తగా నిషేధించలేదు. వలలో పడిన కడల్ పసువును వదిలేసినోళ్లకు బహుమతి ఇస్తా ఉండారు. వన్యప్రాణి చట్టాన్ని 2002లో సవరించినప్పటి నుంచి ఈ దారి ఉండాది, 1986లో లేదు.

మామ: దాంట్లో సముద్రపు గడ్డి నిలుస్తాదా?

కోడలు: అదే నా భయం. కడల్ పసువు తినేది ఆ గడ్డి. అడుగును గీకే మడి వల ఒక్కసారి పోతే గడ్డి వేరుతో వస్తాది. బహుమతితో కడల్ పసువు బతుకుతాది, గడ్డి బతకదు. కొంత చోటు పూర్తిగా మూయాల్సిందే.

మామ: మడిని మూయి! నేనేమన్నా వద్దన్నానా? తమిళనాడులో 1983 చట్టమే చెప్పింది, దరి నుంచి మూడు నాటికల్ మైళ్లలో మర పడవ రాకూడదని. రెండు పడవలు కట్టి లాగే ఇరట్టమడి నిషేధం. చేపల గుంపును చుట్టేసే సురుక్కుమడికి సుప్రీంకోర్టు 2023లో, పన్నెండు మైళ్ల బయట, వారంలో సోమవారం, గురువారం అని గంటలు కట్టి ఇచ్చింది. పాక్ జలసంధిలో అయితే మడి పడవలకు మూడు రోజులు, నాటు పడవలకు నాలుగు రోజులు అని పంచుకున్నారు. ఇన్ని గీతలు ఉండాయి. ఒక్కటైనా రాత్రిపూట నిలుస్తాదా? ఆ గీతలు నిలబెడితే నీ పార్కు అవసరమే ఉండదు.

కోడలు: మూడు మైళ్ల గీత నిజంగా నిలిస్తే మీ పెట్టెల్లో సగం ఖాళీ మామా. నగర, రొయ్య, ఆ చిల్లర చేపంతా ఎక్కడిది?

మామ: సగం కాదులే. తగ్గినా ధర ఎక్కుతాది. నాకు నష్టం లేదు, తినేవాడికి.

కోడలు: పాసి ఆమెకు ఆ సౌకర్యం లేదు. ఇక్కడ తగ్గితే మీరు కొచ్చికి ఫోను చేస్తారు. ఆమెకు ఉండేది ఆ ఒక్క దీవి.

మామ: నా మాట నాకే తిప్పినావు. అయితే ఆ దీవిని ఆమెకు వదిలేయమను.

కోడలు: కొన్ని వదలొచ్చు, అన్నీ కాదు. కళవలు గుంపు కట్టి గుడ్లు వదిలే చోట్లు కొన్నే ఉంటాయి. అక్కడ గాలం కూడా పడకూడదు. మిగిలిన దీవుల్లో ఏవి గట్టిగా మూయాల, ఏవి చేతికోతకు తెరవాల అన్నది నా సర్వే ఒక్కటే తేల్చలేదు. ఏ అమావాస్యకు ఏ రాతి కాడ ఏ చేప గుమికూడతాదో ఆ ఆడవాళ్లకు నాకంటే బాగా తెలుసు. వాళ్లు కూర్చోకుండా గీసే మ్యాపు నాకు వద్దు. కానీ దానికి పార్కు పేరు మారాల, చట్టం మారాల.

మామ: పేరు తీసేస్తారా? పేరు తీసేసిన రాత్రే మడి పడవలు దీవి ఒడ్డుకు వస్తాయి. వద్దు వద్దు. పేరు ఉండనీ.

కోడలు: పార్కు ఉండాలని మీరంటా ఉండారు మామా!

మామ: పాసి సంచికి తెరిచి, మడికి మూసిన పార్కు అంటా ఉండా. దాన్ని చట్టంలో ఎట్ల రాయాలనేది మీ చదువుకున్నోళ్ల పని. ఏప్రిల్ మూతకు ముందు నేను రామేశ్వరం పోతా. పడవల ఓనర్లతో లెక్కలుండాయి. నువ్వూ రా. ఆ సుమిలాన్ కథ వాళ్ల ముందర చెప్పు. 212 చేపల గుడ్లని చెప్తే నవ్వుతారు, అయినా చెప్పు.

కోడలు: వస్తా. వాళ్లలో మడి పడవలవాళ్లు కూడా ఉంటారా?

మామ: వాళ్లే ఉంటారు. నేను అడ్వాన్సులిచ్చింది వాళ్లకే కదా.